నాన్న కుడికాలు

నా కుడికాలి చెప్పు ఎప్పుడూ ముందే పోయేది. నాలుగు నెలలు తిరిగేసరికి, సరిగ్గా స్కూటరు కిక్ రాడ్ ఆనేచోట అరిగి చిల్లుపడేది. ఎడమకాలిది మాత్రం కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉండేది. దాన్ని పారేయడానికి అమ్మకి మనసొప్పేది కాదు. "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందిలే" అంటూ షెడ్డులో బెంచీ కింద ఒక అట్టపెట్టెలో పడేసేది. వట్టి ఎడమకాలి చెప్పులు ఎవరికి పనికొస్తాయో నాకైతే తెలియదు. ఆ వానాకాలం మొదలయ్యేనాటికి ఆ పెట్టెలో తొమ్మిదున్నాయి.

తొమ్మిది చెప్పులంటే మూడేళ్లు. మూడేళ్లుగా మా నాన్నకి కుడికాలిని నేనే.

నాన్న పాత స్కూటర్ల మెకానిక్కు. పాతవంటే నిజంగా పాతవి. నలభై, యాభై ఏళ్ల కిందటివి. రేకు ఒళ్లు, గుండ్రటి దీపం, ఎడమచేతి పిడిని తిప్పితే మారే గేర్లు. వాటికి బటన్లుండవు, తన్నాలి. రిపేరుకొచ్చిన బండిని ఒక్కసారి తంతే సరిపోదు. కార్బొరేటర్ విప్పి బిగించాక తన్నాలి, ప్లగ్గు మార్చి తన్నాలి, గాలి స్క్రూ పావు చుట్టు తిప్పి మళ్లీ తన్నాలి. అలా తన్నీ తన్నీ నాన్న మోకాలి గుజ్జంతా అరిగిపోయింది. ఇకమీదట ఆ కాలెత్తి దేన్నీ తన్నొద్దని డాక్టరు చెప్పేశాడు. అప్పటికి నేను మోటార్ వైండింగ్ చదువు ముగించుకుని, ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపంగా షెడ్డులో కూర్చునేదాన్ని. "ఒక్కసారి తన్నవే" అన్నాడు నాన్న. ఆ ఒక్కసారి మూడేళ్లు సాగింది. నా కుడి పిక్క ఎడమదానికన్నా లావయింది.

ఇంటి ముందు గదే మా షెడ్డు. పైన రేకులు, మూడు వైపులా గోడలు, ఒకటే తలుపు. నేల వీధివైపుకి వాలుగా ఉంటుంది. అందుకని మా దగ్గర ఏ బండినైనా ఫస్ట్ గేరులో వేసి వదలాలి. లేకపోతే దొర్లుకుంటూ వీధిలోకి పోతుంది. నాకు ఊహ తెలిశాక నాన్న నేర్పిన మొదటి పాఠం అదే. తన్నే ముందు మళ్లీ ఎడమచేత్తో క్లచ్ పట్టి, పిడిని న్యూట్రల్‌కి తిప్పాలి. అది మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. కాలు లేస్తుంటే చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

వానలు మొదలైన వారానికి ఉత్తరం వచ్చింది. దూరపు ఊళ్లో నీటిపంపుల మోటార్లు చేసే ఫ్యాక్టరీ నుంచి. వైండింగ్ విభాగంలో నన్ను తీసుకున్నారు. వానాకాలం పోయాక ఒకటో తారీఖున చేరాలి, ఆ రోజు రాకపోతే వేరేవాళ్లని తీసుకుంటారు. ఉండటానికి వాళ్లే గది ఇస్తారట. నాకొక్కదానికే ఒక గది, దానికో కిటికీ. ఉత్తరంలో కిటికీ సంగతి లేదు. నేనే పెట్టుకున్నాను.

నాన్న చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత మడిచి గ్రీజు డబ్బా కింద పెట్టాడు.

"మంచిదే. వెళ్లు" అన్నాడు. "నేనొక్కడినే బండి స్టార్ట్ చేసిన రోజున వెళ్లు."

అమ్మ ఆ మూల కుట్టుమిషను దగ్గర కూర్చుని స్కూటర్ సీట్లకి కవర్లు కుడుతుంది. మిషను ఆపేసింది. "అదేం మాటండీ?"

"ఉన్నమాటే. బండి తన్నడానికి కాలు ఏదీ నాకు?"

"నేను తంతాను. పెళ్లయినప్పట్నుంచీ మిమ్మల్ని తన్నాలనిపించిన తన్నులన్నీ దాచిపెట్టుకున్నాను. ఊళ్లో బండ్లన్నిటికీ సరిపోతాయి."

నాన్న పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో ఏ పెద్ద విషయమైనా ఇలాగే నవ్వులోపడి పోతుంది. నాన్న అన్నమాట మాత్రం నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. ఒక్కడినే స్టార్ట్ చేసిన రోజున. సరే, చూద్దాం అనుకున్నాను.

మర్నాడో ఆ మర్నాడో లెక్కల మాస్టారు వానలో తడుస్తూ స్కూటరు తోసుకుంటూ వచ్చారు. రిటైరై పదిహేనేళ్లయినా వీధిలో అందరికీ ఆయన లెక్కల మాస్టారే. తుంటి ఎముక ఆపరేషనైంది.

"అమ్మాయీ, ఇక దీన్ని తన్నలేను. అమ్మేయడానికి చేతులు రావు. మీలో ఎవరో ఒకరు రోజూ పొద్దున మా ఇంటికొచ్చి తన్నిపెట్టండి. లేదంటే దీనికో బటన్ పెట్టండి" అన్నారు.

నాన్న ఒంటికాలి మీద లేచాడు. నిజానికి ఆయనకి మిగిలిందీ అదే. "ఈ బండికి బటనా? మాస్టారూ, మీరు లెక్కలు చెప్పేటప్పుడు పిల్లలు కాలిక్యులేటర్ తెస్తే ఏం చేసేవారు?"

"బయట నిలబెట్టేవాణ్ణి."

"మరి?"

"ఇప్పుడు నేనే వాడుతున్నాను లేవయ్యా" అన్నారు మాస్టారు, తల తుడుచుకుంటూ.

"నేను పెడతాను" అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. మాస్టారి మొహం విప్పారింది. నాన్న మొహం ముడుచుకుంది.

పాత ఇనుము కొట్లో, విరిగిపోయిన కొత్తరకం స్కూటర్ నుంచి ఒక చిన్న స్టార్టర్ మోటారు ఏరుకొచ్చాను. కాలిపోయిన దాని కాయిల్ విప్పి కొత్త తీగతో తిరగచుట్టాను. బ్యాటరీ ఎడమ డొక్కలో, సామాన్ల పెట్టె ఉండేచోట సరిగ్గా పట్టింది. అసలు కష్టం కడియం దగ్గర. ఇంజన్ని తిప్పే ఫ్లైవీల్ చుట్టూ పళ్లున్న ఇనుప కడియం తొడగాలి. మోటారు ఆ పళ్లను పట్టుకునే ఇంజన్ని తిప్పుతుంది. కడియం ఫ్లైవీల్ కన్నా వెంట్రుకవాసి చిన్నదిగా ఉండాలి. బాగా కాలిస్తే సాగుతుంది, అప్పుడు తొడగాలి. చల్లారి బిగుసుకున్నాక ఇక దేవుడు దిగొచ్చినా ఊడదు.

వీధి చివర లేత్ మిషను నడిపే ఆయన కడియాలు కోసిచ్చాడు. నేను అమ్మ మూకుడు తీసుకుని, ఇంజనాయిల్ పోసి, పొయ్యి మీద పెట్టి అందులో కడియం వేశాను.

"నా మూకుడు!" అంది అమ్మ, కొంగుతో ముక్కు మూసుకుని. "ఇక దీంట్లో వండితే స్కూటర్లకే వడ్డించాలి."

మొదటిసారి తప్పిపోయింది. పటకారుతో కడియం పట్టుకుని, సరిగ్గా ఉందా లేదా అని ఒక్కక్షణం ఆగాను. ఆ క్షణంలోనే అది వంకరగా కూర్చుని బిగుసుకుపోయింది. ఉలితో పగలగొట్టి తీయాల్సొచ్చింది. నాన్న అటు తిరిగి పేపరు చదువుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "చేతిలో పట్టుకుని ఆలోచించకూడదు. వేడి మీదుండగానే వేసెయ్యాలి."

రెండోసారి ఆలోచించలేదు. కడియం టక్కుమని కూర్చుంది. నాన్న పేజీ తిప్పాడు.

మాస్టారు బటన్ నొక్కిన రోజు వీధిలో సగం మంది మా తలుపు దగ్గరే ఉన్నారు. మోటారు సన్నగా ఏడ్చింది, ఇంజన్ అందుకుంది. ఆపి మళ్లీ నొక్కారు, మళ్లీ ఆపారు. ఐదుసార్లు అలా చేశాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కాలు తిరిగొచ్చినట్టుందమ్మా" అన్నారు.

నేను నాన్న కోసం చూశాను. వెనక డబ్బాలు సర్దుతున్నాడు.

"నాన్నా, రా. నువ్వొకసారి నొక్కు."

"నా చేతికి గ్రీజుంది."

"తుడుచుకో."

"ఇది తుడిస్తే పోయే గ్రీజు కాదు."

అప్పుడే నాకొక సంగతి తట్టింది. పాత బండ్లవాళ్లంతా మాలాగే గేరులో వేసి నిలబెడతారు. తన్నేటప్పుడు కాలితో పాటు చెయ్యి కూడా కదిలి న్యూట్రల్ చేసేది. ఇప్పుడు కాలు లేవదు. కాలు లేవకపోతే చేతికి గుర్తు రాదు. గేరులో ఉండగా బటన్ నొక్కితే బండి మనిషిని ఈడ్చుకుని దూకుతుంది. అందుకని క్లచ్ పిడి కింద ఒక చిన్న స్విచ్ పెట్టాను. క్లచ్ పూర్తిగా పట్టుకుంటే తప్ప బటన్ పనిచేయదు. మాస్టారికి రెండుసార్లు చెప్పాను, ఆయన అప్పజెప్పారు. నాన్నకీ చెప్పాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. బటన్ సంగతి ఎత్తితే చాలు, ఆయనకి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

ఇక అక్కణ్నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. మాస్టారు ఊరంతా చుట్టబెట్టి చెప్పారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుము పట్టేసినవాళ్లు, తాత బండిని వదల్లేని మనవరాళ్లు, అందరూ మా వీధికే. నెల తిరిగేసరికి షెడ్డులో పదకొండు స్కూటర్లు చేరాయి. వాన పడుతోంది కాబట్టి బయట పెట్టడానికి లేదు. హ్యాండిలుకి హ్యాండిలు ఆనించి ఇరికించాం. బెంచీ దగ్గర్నుంచి తలుపు దాకా వెళ్లాలంటే ఊపిరి బిగబట్టి పక్కవాటుగా నడవాలి. పొద్దున లోపలికి దూరితే భోజనానికే బయటికి. రేకుల మీద వాన, కింద నేను, చుట్టూ బండ్లు.

నాన్నకి మాత్రం పండగలా ఉంది. నేను బండి కింద పడుకుని వైర్లు బిగిస్తుంటే ఆయన తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, "మా అమ్మాయి. ఇంజనీరమ్మ. ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ చేతకాదు" అని వచ్చేపోయేవాళ్లకి చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది, గర్వంగానూ ఉండేది. రెండూ ఒకేసారి. నన్ను విడిపించుకోవడానికి చేసిన పనే నన్ను కట్టేసింది. ఇంకెవరికీ చేతకాదు కదా మరి.

అందుకని నేర్పించాలనుకున్నాను. గోడ మీద సున్నం గీకేసి, స్టార్టర్ వైరింగంతా పెద్దగా గీశాను. గీతలు గీయడమే కాదు, నిజం వైర్ ముక్కలే మేకులకి కట్టి పెట్టాను. ఎరుపు ఎక్కణ్నుంచి ఎక్కడికి, నలుపు ఎక్కడికి, పసుపు ఎక్కడికి. చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

నాన్న చూశాడు. "బాగుంది. పెళ్లివారి పందిరిలా ఉంది."

"చూసి ఒక్కటి బిగించు నాన్నా. నేను పక్కనే ఉంటాను."

"ఆ రంగులు నాకెక్కవే."

"నలభై ఏళ్లుగా హెడ్‌లైట్ వైర్లు ఎలా బిగించావు?"

"అవి రెండే."

"ఇవి ఐదు."

"అదే చెప్తున్నా" అని లేచి వెళ్లిపోయాడు.

అమ్మ మిషను ఆపలేదు కానీ అంది: "ఆయనకి ఎక్కకపోవడం కాదే. ఎక్కితే నువ్వు వెళ్లిపోతావు."

"మరి నువ్వేమంటావు?"

"నన్నెవరైనా అడిగారా ఇన్నాళ్లూ?" అంది. సూది దారం తెగింది. మళ్లీ ఎక్కించుకోవడంలో పడింది. నేనూ అడిగి ఊరుకున్నాను తప్ప, ఆవిడ జవాబు కోసం ఆగలేదని ఇప్పుడనిపిస్తుంది.

ఒకటో తారీఖు ఇక ఆరు రోజుల్లోకి వచ్చింది. అట్టపెట్టెలోకి కొత్త చెప్పు ఏదీ చేరలేదని ఆ రోజుల్లోనే గమనించాను. తన్నడం మానేశాక నా చెప్పులు రెండూ ఒకేలా అరుగుతున్నాయి. కానీ నాన్న ఇంతవరకూ ఒక్క బటనూ నొక్కలేదు. చేతికి గ్రీజుంటుంది, లేదా ఎవరో పిలుస్తారు, లేదా మోకాలు సలుపుతుంది. అన్నమాట ఆయనకి గుర్తుంది. గుర్తుంది కాబట్టే నొక్కడం లేదు.

మోకాలి పరీక్షకని నాన్న, అమ్మ ఆసుపత్రికి వెళ్లిన రోజున నేనొక పని చేశాను. నాన్న సొంత స్కూటరు బయటికి లాగాను. దాన్ని నేను ఏనాడూ విప్పి చూడలేదు. స్టాండు విరిగి ఎన్నేళ్లయిందో, గోడకి ఆనించి గేరులో పెట్టి ఉంచుతాడు. ఈ మూడేళ్లలో వారానికొకసారి నాచేత తన్నించి, ఇంజన్ వేడెక్కాక ఆపించి, తుడిచి, మళ్లీ గోడకి ఆనించేవాడు. నడిపేవాడు కాదు. ఆ బండికి స్టార్టర్ పెట్టేశాను. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా కడియం, మోటారు, బ్యాటరీ, బటన్ అన్నీ బిగించాను. కోపంగా చేశాను కాబట్టి తొందరగా అయింది. ఇదిగో నీ బండి, ఇదిగో బటన్, ఇప్పుడేం సాకు చెప్తావో చూస్తా అనుకుంటూ చేశాను.

క్లచ్ స్విచ్ సొరుగులోనే ఉంది. చివరిది. రెండు స్క్రూలు, రెండు వైర్లు, అరగంట పని. పెట్టలేదు.

తీరిక లేక కాదు. మరిచిపోయీ కాదు. ఆయన ఎలాగూ నొక్కడు, ఇక ఆ స్విచ్ ఎందుకు అనుకున్నాను. అలవాటుగా గేరులో వేసి, తలుపు పక్కన వీధివైపు మొహం పెట్టి గోడకి ఆనించాను.

సాయంత్రం నాన్న చూశాడు. కేకలేస్తాడనుకున్నాను, అందుకు మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. ఆయన బటన్ మీద వేలు ఆనించకుండా దాని చుట్టూ తడిమి చూశాడు.

"పెయింటు ఎక్కడా గీసుకుపోలేదుగా?"

"లేదు."

"ఊఁ" అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున నేను వెనక పెరట్లో మొహం కడుక్కుంటున్నాను. వాన వెలిసింది. షెడ్డులోంచి స్టార్టర్ మోటారు సన్నగా ఏడ్చిన చప్పుడు వినపడింది. మా దగ్గరున్న బండ్లన్నిటి గొంతులూ నాకు తెలుసు. ఇది నాన్న బండి. నొక్కాడు, నాన్న నొక్కాడు అనుకున్నాను. సంతోషమే వేసింది ముందు. ఆ తర్వాతే స్విచ్ గుర్తొచ్చింది.

ఇంజన్ అందుకుని ఒక్కసారిగా రంకె వేసింది. భయపడిన చెయ్యి బిగుసుకుంటుంది, బిగుసుకున్న కుడిచెయ్యి యాక్సిలరేటర్ తిప్పేస్తుంది. అమ్మ అరిచింది. నేను షెడ్డులోకి పరిగెత్తాను. కానీ పరిగెత్తడానికి దారేదీ? పదకొండు బండ్లు. పక్కవాటుగా, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క హ్యాండిలూ తప్పించుకుంటూ రావాలి. నా లంగా ఒక కిక్ రాడ్‌కి పట్టుకుంది. అవతల వీధిలో దబ్బుమని పడిన చప్పుడు వినపడింది. నేనింకా ఐదో బండి దగ్గరే ఉన్నాను. నేనే తెచ్చి నింపుకున్న బండ్లు నన్ను వదలడం లేదు. లంగా చింపుకుని బయటపడ్డాను.

ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన కొట్టుంది. స్కూటరు ఆ మెట్ల మీద పక్కకి పడి ఉంది, దీపం పగిలింది. నాన్న కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా బురద. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నాడు. మణికట్టు ఉండాల్సిన తీరుగా లేదు.

"కదిలించకండి, విరిగింది" అంటున్నాడు గడియారాలాయన.

నాన్న నన్ను చూశాడు. నొప్పికి మొహం పాలిపోయి ఉంది, కానీ కళ్లు మెరుస్తున్నాయి.

"స్టార్టయింది" అన్నాడు. "చూశావా? మొదటి నొక్కుకే. నేనొక్కడినే."

నేను బురదలో ఆయన పక్కన కూర్చున్నాను.

"ఇక నువ్వు సామాను సర్దుకో" అన్నాడు.

ఆసుపత్రిలో ఎముక సరిచేసి మోచేతిదాకా కట్టు వేశారు. మూడో రోజున లెక్కల మాస్టారు చూడ్డానికి ఇంటికి వచ్చారు. అమ్మ ఇచ్చిన టీ తాగుతూ అడిగారు. పాపం, ఆయనకి ఏ దురుద్దేశమూ లేదు.

"నాకొకటి అర్థం కాలేదమ్మా. నా బండి క్లచ్ పట్టుకోందే ఉలకదు, పలకదు. స్విచ్ పెట్టావుగా. మరి నాన్నగారి బండి ఎలా దూకింది?"

అమ్మ నావైపు చూసింది. నేను నేల చూశాను. చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"నేనే వద్దన్నాను మాస్టారూ" అన్నాడు నాన్న. "అది పెడతానంది. నలభై ఏళ్ల సర్వీసు నాది, నా బండికి స్విచ్ ఏంటని నేనే వద్దన్నాను. వినలేదు, నాదే తప్పు."

మాస్టారు తల ఊపారు. "వినాలయ్యా పిల్లల మాట" అన్నారు.

నాన్న నావైపు తిరగనైనా లేదు. టీ గ్లాసు ఎడమచేత్తో అందుకోబోయి, కట్టు గుర్తొచ్చి, చెయ్యి మార్చుకున్నాడు. ఆయనకి అంతా తెలుసు. అందరి బండ్లకీ పెట్టిన స్విచ్ తన ఒక్క బండికే ఎందుకు లేదో కూడా తెలుసు. నేను ఆయన్ని ఎంతకి లెక్కగట్టానో తెలుసు. ఆ రోజు ఆయన తిట్టి ఉంటే నేను ఏడ్చి, పెట్టె సర్దుకుని, రైలెక్కి ఉండేదాన్నేమో. ఆయన తిట్టలేదు. నా మీద పడాల్సిన మాట తన మీద వేసుకున్నాడు. ఆ మంచితనం ముందు నేను కదల్లేకపోయాను.

ఒకటో తారీఖున నాన్న బండికి క్లచ్ స్విచ్ బిగించాను. అరగంట కూడా పట్టలేదు. వెళ్లమని నాన్న మూడుసార్లు చెప్పాడు, అమ్మ ఒకసారి చెప్పింది. ఆవిడ చెప్పినప్పుడు మాత్రం గొంతు వేరుగా ఉంది. "వెళ్లవే. నేను చూసుకుంటాను. ఈసారి నిజంగానే తంతాను" అంది. కట్టు విప్పాక వెళ్తానన్నాను. కట్టు విప్పేది ఆరు వారాలకని, ఫ్యాక్టరీ అన్నాళ్లు ఆగదని ముగ్గురికీ తెలుసు. గ్రీజు డబ్బా కింద ఉత్తరం నూనె పీల్చుకుని, రెండువైపులా అక్షరాలూ ఒకేసారి కనపడసాగాయి.

పదకొండు బండ్లూ ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. షెడ్డులో తలుపుదాకా తిన్నగా నడిచే దారి ఏర్పడింది.

కట్టు విప్పిన మర్నాడు నాన్న పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, తన బండి దగ్గరికి వచ్చాడు. చెయ్యి సన్నబడింది, మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది. ఎడమచేత్తో క్లచ్ పట్టాడు. పిడి సగం వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగించి మళ్లీ పట్టాడు. సగమే. బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. స్విచ్ తన పని తాను చేస్తోంది.

ఇంకో నాలుగుసార్లు నొక్కాడు. మిషను దగ్గర అమ్మ తల దించుకుని దారం వెతుక్కుంటోంది.

"ఈ స్విచ్ తీసెయ్" అన్నాడు నాన్న. "న్యూట్రల్ నేను చూసుకుంటాగా. ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి, మళ్లీ మరిచిపోతానా?"

"తీయను."

"రెండు స్క్రూలేనే. తీస్తే నేనొక్కడినే..." అని ఆగాడు.

తీయొచ్చు. స్క్రూడ్రైవర్ నా జేబులోనే ఉంది. తీస్తే నాన్న ఒక్కడే బండి స్టార్ట్ చేసుకుంటాడు, నాకు ఇంకో ఉత్తరం, ఇంకో ఊరు, ఇంకో గది. మొదట్నుంచీ నాకు కావాల్సింది అదే. కానీ ఆ స్విచ్ లేని బండి మీద ఆయన్ని ఒంటరిగా వదిలిన పొద్దు ఒకటుంది నాకు. ఇంకోటి వద్దు. అప్పటిదాకా నన్ను కట్టేసింది నాన్నే అనుకున్నాను. ఆ పూట ఆయన విప్పమంటున్నాడు, విప్పనిది నేనే.

"తీయనన్నాను కదా నాన్నా" అన్నాను.

వెళ్లి ఎడమవైపు నిలబడి, పిడి మీద ఆయన చెయ్యి ఉండగానే దానిమీద నా చెయ్యి వేసి నొక్కాను. క్లచ్ పూర్తిగా వచ్చింది. ఆయన కుడిబొటనవేలితో బటన్ నొక్కాడు. బండి మొదటి నొక్కుకే స్టార్టయింది.

"గ్రీజు లేదా చేతికి?" అంది అమ్మ మిషను దగ్గర్నుంచి.

నాన్న యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పాడు.

ఇది జరిగి ఆరేళ్లయింది. ఇప్పుడు మా షెడ్డులో ఎవరూ దేన్నీ తన్నరు. గోడ మీద వైర్ల పందిరి అలాగే ఉంది, దుమ్ము పట్టి రంగులన్నీ ఒకేలా కనిపిస్తాయి. రోజూ పొద్దున నాన్న బండి దగ్గర నిలబడి నన్ను పిలుస్తాడు, నేను వెళ్లి క్లచ్ పడతాను. బెంచీ కింద అట్టపెట్టెలో ఎడమకాలి చెప్పులు ఇప్పటికీ తొమ్మిదే.